శవాలా, పెద్దలా?

సందేహం: పెరూను ఒకప్పుడు ఏలిన ఇంకాల కాలం నాటి తవ్వకాల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘ఇంకాలు శవాలను పూజించి ఊరేగించేవారు’ అని రాయడానికి మనసొప్పడం లేదు. ‘పితృదేవతలు’ అనవచ్చా? శవాలను చుట్టిన మూటల మీద పెట్టిన ‘నకిలీ తలలు’ అన్న మాట సరైనదేనా?

సమాధానం: మనసొప్పకపోవడం న్యాయమే. శవం అనగానే మనకు తోచేది త్వరగా సాగనంపడం, ఇంటికొచ్చి తలస్నానం చేయడం. ఆండీస్ కొండల్లో సంగతి వేరు. అక్కడి రచయిత గువామన్ పోమా 1615 ప్రాంతంలో నవంబరు నెల గురించి రాస్తూ, పోయినవాళ్లను సమాధి గదుల్లోంచి బయటికి తెచ్చి, అన్నపానాలు పెట్టి, మంచి బట్టలు కట్టి, తలకు ఈకలు తురిమి, పల్లకిలో ఇల్లిల్లూ తిప్పేవారని చెప్పాడు. బొమ్మ కూడా గీశాడు.

‘దివంగతులు’, ‘స్వర్గస్థులు’ కూడా అతకవు. ఆ మాటల్లో మనిషి పైకి వెళ్లిపోయాడు. వీళ్లు వెళ్లలేదు. ఇంకాల రాజధాని కుస్కోలో, పోయిన రాజు ఆస్తి ఆయనదిగానే ఉండేది, వంశంవాళ్లు ఆయన పేరున నడిపేవారు. 1559లో పోలో దె ఒందెగార్దో అనే స్పెయిన్ అధికారి ఆ దేహాలను వెతికించి పట్టుకున్నాడంటే, స్పెయిన్ పాలన వచ్చాక కూడా వాటికి ఎంత పలుకుబడి ఉందో చూడండి.

‘పితృదేవతలు’ అంటే పిండం, తర్పణం, నువ్వులు వెంటనే వచ్చేస్తాయి. దానికన్నా ‘పెద్దలు’ మేలు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకుంటాం, తెలంగాణలో పెత్రమాసకు పెద్దలకు బియ్యం ఇస్తారు. తిండీ బట్టా రెండూ ఆ మాటలో ఉన్నాయి.

ఇలాంటి పెద్దలకు వాళ్లు వాడిన ‘మల్కి’ అనే మాటను మాత్రం వదలకండి. ఇంకాల భాష కెచువాలో దానికి చెట్టు, నాటే మొక్క అనే అర్థాలూ ఉన్నాయి. మనం వంశాంకురం అని పుట్టినవాణ్ణి అంటాం, వాళ్లు పోయినవాణ్ణి అన్నారు! నాకు ఇది ఎంతో నచ్చిన సంగతి. మొదటిసారి ‘మల్కి’ అని రాసి అర్థం చెప్పండి, తర్వాత ‘పెద్దలు’ అనండి: ‘ఇంకాలు తమ పెద్దలను పల్లకిలో ఊరేగించేవారు.’

ఇక ‘నకిలీ’ వద్దు, అందులో మోసం ఉంది. పెరూ రాజధాని లిమా శివార్లలోని పురుచుకోలో తవ్వకందారులు 2002లో లోకానికి చూపించిన మూటల్లో కొన్నిటి పైన పత్తి కూరిన గుడ్డ తలలున్నాయి. లోపల చుట్టలు చుట్టలుగా బట్ట, పత్తి, మధ్యలో ముడుచుకుని కూర్చున్న మనిషి. ఆయనకు బయట ఒక ముఖం కావాలి కదా. కట్టుడు పళ్లు అంటాం, ఎవరినీ మోసం చేస్తున్నట్టు వినిపించదు. అలాగే ‘కట్టుడు తల’ అనండి. కొన్నిటికి విగ్గు కూడా పెట్టారు.