రెండు కెమెరా కార్డుల ఫొటోలు పెన్‌డ్రైవ్‌కి: రోబోకాపీ వాడండి

విజయనగరం సిరిమానోత్సవం ఫొటోలు రెండు కార్డుల్లో ఉన్నాయి, విండోస్‌లో కాపీ కమాండ్ కొడితే పెన్‌డ్రైవ్‌లో ఒక్క ఫైలే వచ్చింది, అదీ తెరుచుకోవట్లేదు అన్నారు. కార్డుకీ పెన్‌డ్రైవ్‌కీ ఏ జబ్బూ లేదండీ. మీరు రాసిన 'సిరిమాను' ఫోల్డరు పెన్‌డ్రైవ్‌లో ముందే లేదు, అంతే. ఫోల్డరు లేకపోతే కాపీ కమాండ్ దాన్ని ఫైలు పేరనుకుని, *.జేపీజీ కింద దొరికిన ఫొటోలన్నిటినీ ఒకదాని వెనక ఒకటి అతికించి ఒకే ఫైలు చేసేస్తుంది. చివరి లైను చూడండి, కాపీ అయినవి 1 అనే ఉంటుంది. దారి (పాత్, అంటే ఫోల్డరు చిరునామా) చివర ఒక \ పెట్టుంటే ఇలా అతికించకుండా ఎర్రర్ చూపించి ఆగేది.

పైగా కాపీ సబ్‌ఫోల్డర్లలోకి దిగదు. కెమెరా ఫొటోలుండేదే కార్డులోని డీసీఐఎం అనే ఫోల్డరు లోపలి ఫోల్డర్లలో. అందుకే ఈ పనికి ఫైళ్లు కాపీ చేసే ఇంకో కమాండ్ రోబోకాపీయే నయం. విస్టా నుంచీ విండోస్‌తోనే వస్తోంది, విడిగా ఎక్కించక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా కొట్టండి (అక్షరాలు ఇంగ్లీషులోనే):

రోబోకాపీ డి:\డీసీఐఎం ఈ:\సిరిమాను\కెమెరా1 *.జేపీజీ *.ఎంపీ4 /ఎస్ /ఆర్:2 /డబ్ల్యూ:5

ముందు ఎక్కణ్ణుంచి (ఇక్కడ డి: కార్డు), తర్వాత ఎక్కడికి (ఈ: పెన్‌డ్రైవ్), ఆ తర్వాత ఏ రకం ఫైళ్లు. రకాలు ఎన్నయినా స్పేస్ ఇచ్చి రాసుకోవచ్చు. రా ఫైళ్లు (కెమెరా దాచే ముడి ఫొటోలు) కావాలంటే మీ కెమెరా వాడే ఎక్స్‌టెన్షన్ చేర్చండి. ఫోల్డర్లు లేకపోతే అదే తయారు చేసుకుంటుంది. /ఎస్ ఉంటే లోపలి ఫోల్డర్లు కూడా వస్తాయి. రెండో కార్డుకి కెమెరా2 అని మార్చండి. రెండిట్లోనూ ఒకే పేర్లతో ఫైళ్లుండొచ్చు కాబట్టి ఒకే చోట పోస్తే మొదటి కార్డు ఫొటోల మీద రెండో కార్డువి పడి, మొదటివి పోతాయి.

/ఆర్ (ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలి), /డబ్ల్యూ (మధ్యలో ఎన్ని సెకన్లు ఆగాలి) మాత్రం మానొద్దు. అవి రాయకపోతే చదవలేని ఒక్క ఫైలు దగ్గరే 30 సెకన్లకోసారి, 10 లక్షల సార్లు ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. తెర కదలకపోతే సిస్టమ్ హ్యాంగయిందనుకుని కార్డు లాగేస్తారు చాలామంది.

దారిలో ఖాళీ ఉంటే కోట్స్ పెట్టాలి, కానీ ముగింపు కోట్ ముందు \ పెట్టకండి. రోబోకాపీకి అక్కడ కోట్ ముగిసినట్టు తెలియక కమాండంతా కలగాపులగం అయిపోతుంది. కాపీకి మంచిదన్న ఆ గీతే ఇక్కడ చెరుపు! /ఎంఐఆర్ అని ఎవరైనా చెబితే వినకండి. కార్డులో లేనివి పెన్‌డ్రైవ్ ఫోల్డర్లో ఏమున్నా తుడిచేస్తుంది. అనుమానంగా ఉంటే చివర /ఎల్ చేర్చి ఒకసారి నడపండి, కాపీ చెయ్యకుండా జాబితా మాత్రం చూపిస్తుంది.

మధ్యలో కరెంటు పోతే కంగారక్కర్లేదు. అదే కమాండ్ మళ్లీ కొడితే సైజూ టైమూ కలిసిన ఫైళ్లని వదిలేసి మిగతావే తెస్తుంది.

పెద్ద వీడియో ఒక్కటే ఎక్కకపోతే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయ్యుంటుంది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీకి లోపే ఉండాలి. ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేస్తే సరిపోతుంది, అయితే అందులో ఉన్నవన్నీ పోతాయి, ముందు వేరే చోటికి తీసుకోండి.

అయ్యాక కింద వచ్చే పట్టికలో ఫెయిల్డ్ అనే నిలువు వరసలో సున్నా ఉందో లేదో చూడండి. రోబోకాపీ ఫైలు లోపలి సరుకుని పోల్చి చూడదు, కాబట్టి పెన్‌డ్రైవ్ నుంచే నాలుగు ఫొటోలూ ఒక వీడియో తెరిచి చూసి, అప్పుడు కార్డు ఫార్మాట్ చేసుకోండి. ఫోల్డర్ పేరు తెలుగులో పెడితే నల్ల తెర మీద డబ్బాల్లా కనబడొచ్చు, దాన్ని పట్టించుకోకండి. ఎక్స్‌ప్లోరర్‌లో పేరు సరిగానే ఉంటుంది.