పిస్టల్‌తో కాసినోకి బయలుదేరే ముందు ఇది చదువు

అల్లుడూ,

గ్రీన్ కార్డ్ వచ్చాక పిస్టల్ కొన్నావు, దాన్ని దాచి వెంట తిప్పుకునే పర్మిట్ కూడా తీసుకున్నావు, బాగానే ఉంది. లాంగ్ వీకెండ్‌కి ఫ్రెండ్స్‌తో మన మిస్సోరీలోనే కాన్సస్ సిటీ నుంచి సెయింట్ లూయిస్ వచ్చి నది మీద కాసినోలు చూస్తాం, గన్ వెంట తెచ్చుకుంటే ఇబ్బందా మావయ్యా అని అడిగావు. ఇబ్బందే. ఇంట్లో లాకర్లో పెట్టి రా. ఒక్క మాటతో వినే రకం కాదు కాబట్టి మిగతాది కూడా రాస్తున్నా.

నువ్వు చూడబోయేది పడవలా ఉండదు. మిస్సోరీలో 1992లో ఓటర్లు ఒప్పుకున్నది నది మీద జూదానికి మాత్రమే, తర్వాత 1998లో రాజ్యాంగ సవరణ చేసి నది దగ్గర్లో తవ్విన నీటి గుంటలో తేలుతున్నా సరే అన్నారు. అందుకే పార్కింగ్ నుంచి కార్పెట్ మీద నడుచుకుంటూ వెళ్తావు, నేల ఎక్కడ అయిపోయిందో పడవ ఎక్కడ మొదలైందో నీకే తెలీదు, కానీ చట్టం లెక్కలో అది రివర్‌బోటే, అంటే నది మీద పడవే.

2017 నుంచి మిస్సోరీలో పర్మిట్ లేకుండానే గన్ దాచి పెట్టుకుని తిరగొచ్చు కదా అంటావు. తిరగొచ్చు, కానీ పర్మిట్ ఉన్నవాడు కూడా తీసుకెళ్లకూడని చోట్లకి విడిగా ఒక లిస్టు ఉంది, అందులో బడి, కోర్టులతో పాటు రివర్‌బోట్ కాసినో కూడా ఉంది. యాజమాన్యం ఒప్పుకుంటే తప్ప లోపలికి తీసుకెళ్లకూడదు, వాళ్లు నీకోసం ఒప్పుకోరు. పర్మిట్ ఉన్నవాడు దొరికితే ముందు బయటికి పొమ్మంటారు, పోనని మొండికేస్తే పోలీసుల్ని పిలుస్తారు, మొదటిసారి 100 డాలర్ల దాకా ఫైన్, ఆర్నెల్లలో మళ్లీ దొరికితే 200 డాలర్ల దాకా ఫైన్‌తో పాటు పర్మిట్ ఏడాది సస్పెండ్. పర్మిట్ లేనివాళ్లకి ఈ వెసులుబాటు ఉందనుకోవద్దు.

కార్లో వదిలేస్తే నేరం కాదని అదే చట్టం చెప్తుంది, కాకపోతే కార్లోంచి బయటికి తీయకూడదు, ఎవరికీ చూపించి బెదిరించకూడదు. మనవాళ్లు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. పార్కింగ్ లాట్‌లోకి వచ్చాక డోర్ తీసుకుని దిగి, నడుముకున్న హోల్‌స్టర్ (గన్ పెట్టుకునే ఒర) విప్పి, డిక్కీ తెరిచి అందులో పెడతారు, పైనేమో కెమెరాలు. ఆ పనేదో ఇంటి దగ్గరే అయిపోవాలి.

ఇక నది దాటితే కథ వేరు. ఈడ్స్ బ్రిడ్జి మీద నడిచి కూడా అవతలి ఒడ్డుకి పోవచ్చు, అక్కడ ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో ఇంకో కాసినో ఉంది, కానీ అది ఇల్లినాయ్. నీ మిస్సోరీ పర్మిట్ అక్కడ చెల్లదు. కాసినో బిల్డింగ్ ఒక్కటే కాదు, పార్కింగ్ కూడా వాళ్ల నిషేధంలోకే వస్తుంది. బయటి రాష్ట్రం వాడు గన్‌ని కార్లోనే ఉంచి, దిగేటప్పుడు కనపడకుండా లాక్ చేసి వెళ్తే ఊరుకుంటారు, అదే నడుముకి పెట్టుకుని దిగితే ఫెలోనీ, అంటే పెద్ద నేరం కేసు దాకా పోవచ్చు. సొంత ఊరి నుంచి నది దాటినంత మాత్రాన ఏమవుతుందిలే అనుకునేవాళ్లే ఎక్కువ ఇరుక్కుంటారు.

ఫైన్లు, కేసుల కంటే నాకు టెన్షన్ నీ గ్రీన్ కార్డ్ గురించి. చట్టానికి విరుద్ధంగా గన్ కొన్నా, దగ్గర పెట్టుకున్నా, వెంట తిప్పినా, ఆ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించడానికి ఇమ్మిగ్రేషన్ చట్టంలో అదొక్కటే చాలు. సిటిజన్‌కి చిన్న కేసు నీకు చిన్నది కాదు. లాయర్‌ని అడగకుండా కోర్టులో ఏదీ ఒప్పుకోవద్దు.

నీతో వచ్చే కుర్రాళ్లలో ఎఫ్-1 మీద ఒకడు, హెచ్-1బి మీద ఒకడు ఉన్నారన్నావు. ఆ వీసాల మీద ఉన్నవాళ్లు అసలు గన్ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం, 15 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, అది వేరే సంగతి, దాని భరోసాతో మీవాళ్లు నిన్ను ఒప్పించబోతే వినకు. నువ్వు లోపల ఆడుకుంటూ, "రేయ్, ఈ తాళాలు తీసుకో, గ్లవ్ బాక్స్‌లో గన్ ఉంది, చూస్తుండు" అని వాళ్లలో ఒకడికి అప్పజెప్పావనుకో, చేత్తో ముట్టుకోకపోయినా వాడి అధీనంలో ఉన్నట్టే లెక్కగట్టే ప్రమాదం ఉంది. వాడి బతుకుతో నీకెందుకురా ఆట?

గంజాయి సంగతి కూడా. 2022 ఓటింగ్‌తో మిస్సోరీలో చట్టబద్ధమైంది కదా అని గమ్మీలు (గంజాయి కలిపిన మెత్తటి మిఠాయిలు) తెస్తారేమో, ఫెడరల్ చట్టంలో గంజాయి వాడేవాడికి గన్ నిషేధం. పైగా అది ఇమ్మిగ్రేషన్‌కీ మంచిది కాదు.

వేగాస్ గురించి కూడా అడిగావు. నెవాడాలో కాసినో అని ప్రత్యేకంగా నిషేధం లేదు, కానీ అది వాళ్ల ప్రాపర్టీ, పొమ్మన్నాక పోకపోతే ట్రెస్‌పాస్ (అక్రమంగా ఉన్నందుకు) కేసు.

శుక్రవారం రాత్రి మా ఇంట్లోనే దిగండి, భోజనాలు ఇక్కడే. గన్ కొన్న విషయం మా అక్కకి చెప్పావా? నేనుగా చెప్పను, అడిగితే మాత్రం దాచను.

మీ మావయ్య