మోటారు ఆఖరి సంగతి

ఈ శీర్షికలో పాఠకులకు జవాబులు రాసేది అనంతపురంలో ముప్పై నాలుగేళ్లుగా మోటారు వైండింగ్ షాపు నడుపుతున్న మెకానిక్.

ప్రశ్న: అన్నగారూ, నమస్తే. కువైట్‌లో పదమూడేళ్లు డ్రైవరుగా చేసి పోయినేడు ఇంటికి వచ్చేశాను. వచ్చేటప్పుడు మా యజమాని తన పాత చేపల రీల్ (గాలం దారం చుట్టేది) ఒకటి ఇచ్చాడు. పెన్ కంపెనీ సెనేటర్ మోడల్, పెద్ద సైజు, చేత్తో తిప్పేది. దాంట్లో ఉన్నది నైలాన్ దారమే. మా అల్లుడు విశాఖలో స్నేహితులతో కలిసి పడవలో లోతు నీళ్ల వేటకు పోతుంటాడు. మూడొందల మీటర్ల కింద నుంచి చేత్తో తిప్పి లాగేసరికి భుజాలు పడిపోతున్నాయంటాడు. ఈ రీల్‌కు కారు వైపర్ మోటారు బిగించి కరెంటు రీల్ చేయొచ్చా? ముందు గండికోట జలాశయంలో ట్రయల్ చూసి, మే నెలలో విశాఖకు తీసుకుపోదామని ఉంది. కరెంటు రీల్ వాడటం తొండాట అని అల్లుడి స్నేహితులు అంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మే నెల టికెట్లు తీసుకుని ఉంటే రద్దు చేసుకోండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మోటారు పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. జూన్ ఆఖర్లో పెట్టుకోండి, ఈలోపు పని నిదానంగా చేసుకోవచ్చు.

తొండాట సంగతి రెండు ముక్కల్లో చెప్తా. చేపల వేట రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ ఐజీఎఫ్ఏ మోటారుతో తిరిగే రీల్‌తో పట్టిన చేపను రికార్డుగా ఒప్పుకోదు. కూర వండుకునేవాడికి ఆ గొడవ లేదు. మీ అల్లుడి స్నేహితులకు పులుసు పోసి అడగండి, ఏమంటారో.

ఇక పనికి వద్దాం. మీలాగే నేనూ మోటారుతోనే మొదలుపెట్టి దెబ్బ తిన్నాను. ఆరేళ్ల కింద మా బామ్మర్దికి ఒక పాత రీల్ ఇట్లాగే తయారుచేసిచ్చా. గుజరీ అంగడిలో దొరికిన వైపర్ మోటారు, దాన్ని రీల్‌కు కలపడానికి లేత్‌లో చేయించిన కప్లింగు, అంతా బ్రహ్మాండంగా తిరిగింది. విశాఖ పోయి సముద్రంలో దింపాం. మొదటి చేప సగం దూరం వచ్చాక మోటారు మూలిగి ఆగిపోయింది. మోటారు కాలిందేమోనని ముట్టుకుంటే చల్లగానే ఉంది. వైరు మాత్రం కాలుతోంది.

బ్యాటరీ పడవ వెనక, మేము ముందు. మధ్యలో ఆరు మీటర్లు. ఇంటి వైరింగులో మిగిలిన 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగాను. పోను ఆరు, రాను ఆరు, కరెంటు తిరిగేది పన్నెండు మీటర్లు. చేప గట్టిగా గుంజినప్పుడు మోటారు 30 ఆంపియర్లు తీసుకుంటే ఆ వైరులోనే రెండున్నర వోల్టులకు పైగా పోతుంది. 230 వోల్టుల పంపుకు రెండున్నర వోల్టులు పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టుల దాంట్లో పోతే ఐదో వంతు పోయినట్టే. బోరు మోటార్లు తెచ్చే రైతులకు కేబుల్ సైజు గురించి రోజూ క్లాసు పీకే మనిషిని నేను! బామ్మర్ది ఇప్పటికీ పండక్కి వస్తే ఆ మాట ఎత్తుతాడు. అదే దూరానికి 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది అర వోల్టు పైచిలుకే. అది కొనండి, లేకుంటే బ్యాటరీనే రీల్ పక్కకు తెచ్చుకోండి.

వైరు మార్చి మధ్యాహ్నం మళ్లీ వేశాం. నాలుగైదు సార్లు బాగా లాగింది. ఆ రాత్రి రీల్ పక్కన పెట్టి పడుకున్నాం. పొద్దున చూస్తే స్పూల్, అంటే దారం చుట్టుకునే చక్రం, తిరగదు. మోటారు విప్పి చేత్తో తిప్పినా కదలదు. టార్చి వేసి చూస్తే స్పూల్ రెండు పక్కల అంచులూ బయటికి ఉబ్బి, ఫ్రేముకు రాసుకుంటున్నాయి. ఒక అంచు మీద వెంట్రుకంత బీట.

చేసింది దారమే. నైలాన్ లాగితే రబ్బరు మాదిరి సాగుతుంది. బరువుతో సాగిన దారాన్ని మోటారు ఆపకుండా చుట్టేస్తుంది. చుట్టుకున్నాక అది మళ్లీ కుంచించుకుపోవాలని చూస్తుంది. ఒక్క చుట్టు అయితే లెక్కలేదు, వందల చుట్లు ఒకదాని మీద ఒకటి పడితే లోపల ఇరుసును పిసుకుతుంది, అంచులను పక్కలకు తోస్తుంది. చేత్తో తిప్పేవాడు మధ్యలో ఆగుతాడు, అలుస్తాడు, దారం కాస్త వదులవుతుంది. మోటారుకు అలుపు లేదు కదా.

కాబట్టి ముందు ఆ నైలాన్ పీకేయండి. బ్రెయిడ్ దారం, అంటే సన్నని పోగులు జడలా అల్లినది, చుట్టండి, అది దాదాపు సాగదు. అదే బలానికి సన్నగా ఉంటుంది కాబట్టి నీళ్లు దాన్ని తక్కువ లాగుతాయి, స్పూల్‌లో ఎక్కువ మీటర్లు పడుతుంది. అడుగున కొద్దిగా నైలాన్ చుట్టి దాని మీద బ్రెయిడ్ ముడి వేయండి, లేకపోతే నున్నటి స్పూల్ మీద మొత్తం చుట్ట జారి గిర్రున తిరుగుతుంది. బ్రెయిడ్‌ను మాత్రం చేతికి చుట్టుకుని లాగొద్దు, కత్తి మాదిరి కోస్తుంది.

తర్వాత స్పూల్. మీది ఏ లోహమో విప్పి చూడండి. సెనేటర్ 1936 నుంచి వస్తున్న మోడల్, దానికి గట్టి ఫ్రేములు, ఒకే అల్యూమినియం దిమ్మెలోంచి కోసిన స్పూళ్లు వేరే కంపెనీలు కూడా చేశాయి. దొరికితే అదే మీ మొదటి ఖర్చు. అప్పుడే డ్రాగ్ వాషర్లు కూడా కార్బన్‌వి వేసేయండి. డ్రాగ్ అంటే చేప గట్టిగా గుంజితే దారాన్ని జారనిచ్చే బ్రేకు, అదే మీ మోటారుకు క్లచ్. మోటారు పిడి షాఫ్టును తిప్పుతుంది, దాని తర్వాత డ్రాగ్, ఆ తర్వాత స్పూల్. చేప గుంజినప్పుడు డ్రాగ్ జారితే మోటారు బతుకుతుంది. పాత తోలు వాషర్లు ఎండి పట్టేస్తే ఏదో ఒకటి తెగుతుంది. ఇంకో మాట, దారం బయటికి పోయేకొద్దీ స్పూల్ సన్నబడి, అదే డ్రాగ్ బిగింపు దారం మీద ఎక్కువ లాగుడుగా మారుతుంది. చుట్ట వ్యాసం సగమైతే లాగుడు రెట్టింపు. అందుకే నిండు స్పూల్ మీద కాస్త వదులుగానే పెట్టుకోండి.

ఇప్పుడు మోటారు. సీసం గుండు, చేప, నీళ్ల ఈడ్పు కలిపి 12 కిలోల లాగుడు అనుకుందాం, సెకనుకు 80 సెంటీమీటర్ల వేగం. దారం మీదికి చేరాల్సింది 94 వాట్లు. గేర్లలో, మోటారులో సగం పోతుందనుకుంటే బ్యాటరీ నుంచి 190 వాట్లు, అంటే 16 ఆంపియర్లు. మూడొందల మీటర్లకు ఆరు నిమిషాల పైన. ఒక్కో లాగుడుకు రెండు ఆంపియర్ అవర్లు కూడా ఖర్చు కాదు. బ్యాటరీకి పెద్ద కష్టం లేదు, మోటారుకే ఉంది. వైపర్ మోటారు అద్దం తుడవడానికి పుట్టింది, ఇంత పని ఎడతెగకుండా చేయలేదు. మా బామ్మర్దిది రెండో ట్రిప్పులో కాలింది. బ్రష్‌లు మార్చి ఇచ్చా, మళ్లీ కాలింది. మీరు 18 వోల్టుల మంచి కార్డ్‌లెస్ డ్రిల్‌తో మొదలుపెట్టండి. పిడి తీసి ఆ షాఫ్టుకు సరిపడే కప్లింగు ఒకటి లేత్‌లో చేయిస్తే చాలు. వేగం ట్రిగ్గరులోనే ఉంటుంది, వేలు తీస్తే ఆగుతుంది, వద్దనుకుంటే పిడి మళ్లీ పెట్టుకోవచ్చు. ఉప్పు నీళ్లు పడకుండా ప్లాస్టిక్ కవరు కట్టండి. అమెరికాలో ఇలాంటి రీళ్లకు పక్కన బిగించే 12 వోల్టుల మోటార్లు ఎలక్ట్రామేట్ పేరుతో వచ్చేవి, సూత్రం అదే.

సొంతంగా మోటారే పెడతానంటారా, సరే. నొక్కి పట్టుకుంటేనే తిరిగే స్విచ్ పెట్టండి, కాలింగ్ బెల్ మాదిరి. 30 ఆంపియర్లు ఆ చిన్న స్విచ్ గుండా పోనివ్వొద్దు, మధ్యలో 40 ఆంపియర్ల కారు రిలే వేయండి, చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసేది. ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఉండాలి. రీల్ దగ్గర పెడితే మధ్యలో వైరు షార్ట్ అయినప్పుడు దాని వల్ల లాభం లేదు.

షిమానో బీస్ట్‌మాస్టర్, డైవా సీబోర్గ్ లాంటి కరెంటు రీళ్లలో ఎన్ని మీటర్లు మిగిలిందో అంకెల్లో కనిపిస్తుంది, చేప పైకి రాగానే అదే ఆగుతుంది. మీదాంట్లో అది ఉండదు. కొక్కెం వచ్చి గాలపు కర్ర కొనకు తగిలేదాకా మోటారు లాగితే కొన రింగు ఊడుతుంది. దారం మీద ఆఖరి పది మీటర్లు ఎర్ర మార్కర్‌తో రంగు వేసి, ఎరుపు కనబడగానే వేలు తీయమని అల్లుడికి చెప్పండి. ఇంత లోతు నుంచి వచ్చిన చేప గాలితిత్తి ఉబ్బి ఉంటుంది, చిన్నదని వదిలినా చాలావరకు బతకదు. సరిపడా పట్టుకున్నాక ఆపేయమనండి.

గండికోట ట్రయల్ వద్దు. శ్రీశైలం డ్యామ్ మొత్తం ఎత్తే 145 మీటర్లు, మన జలాశయాల్లో మూడొందల మీటర్ల లోతు ఎక్కడిది? పైగా అక్కడ లైసెన్సున్న మత్స్యకారుల వలలుంటాయి, వాటిలో చిక్కుకుంటే వాళ్లతో తగాదా. మీ మిద్దె మీదే చూసుకోండి. పిట్టగోడకు కర్ర గట్టిగా కట్టి, పది లీటర్ల నీళ్ల డబ్బా కిందికి దించి, పైకి లాగండి. మళ్లీ దించి మళ్లీ లాగండి, ఆపకుండా ఆరు నిమిషాలు. సొంత మోటారైతే లాగేటప్పుడు దాని టెర్మినళ్ల దగ్గర మీటరు పెట్టి వోల్టులు రాసుకోండి. పదకొండుకు తగ్గితే వైరు మార్చండి. మోటారు మీద చెయ్యి పెట్టి పది అంకెలు లెక్కపెట్టలేకపోతే మోటారు మార్చండి. డబ్బా కింద మాత్రం పిల్లలెవరూ ఆడుకోకుండా చూడండి.