స్కూల్ నుంచి ఫోన్ అంటేనే కంప్లైంట్ అయితే ఏం చేయాలి?

మీ బాబుకి ఎనిమిదేళ్లు, ఆటిజం ఉంది, ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి. క్లాసులో కూర్చోడు, పక్క పిల్లల్ని తోస్తాడు అని వారం వారం ఫోన్ వస్తోంది. ఐఈపీ, అంటే వాడి కోసం విడిగా రాసే చదువు ప్లాన్, అడిగితే అలాంటివి మా దగ్గర ఉండవన్నారు. గొడవపడాలా, సర్దుకుపోవాలా అని అడిగారు. నేనైతే ప్రస్తుతానికి రెండూ వద్దంటాను. ముందు ఆ టీచర్‌కి రేపు పొద్దున క్లాసులో పనికొచ్చేది ఏదైనా ఇవ్వండి.

మా పాపకీ ఆటిజమే, దాంతోపాటు మేధో వైకల్యం కూడా ఉంది. ఆంధ్రలో ఒక మండల కేంద్రంలో జడ్పీ హైస్కూల్లో ఏడో తరగతి చదువుతోంది. మా ఆవిడది సచివాలయంలో ఉద్యోగం, నాది జిరాక్స్ షాపు. అందుకని స్కూల్ వ్యవహారాలన్నీ నావే. సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో చూపే ప్రభుత్వ పత్రం, జిరాక్స్ తీయించుకోడానికి వచ్చే అమ్మానాన్నలతో మాటలు కలుస్తూనే ఉంటాయి. కొందరు "మా పిల్లాణ్ని చేర్చుకున్నారు, అదే పదివేలు" అని స్కూల్లో నోరు తెరిచి ఏమీ అడగరు. ఆ పిల్లలు వెనక బెంచీలో బొమ్మలకు రంగులు వేసుకుంటూ ఏళ్లకేళ్లు గడిపేస్తారు. ఇంకొందరు చట్టం ప్రింటు తీయించుకుని నేరుగా హెచ్‌ఎం టేబుల్ మీద పెడతారు. వాళ్లతో టీచర్లు ఆచితూచి మాట్లాడతారు, క్లాసులో అసలు ఏం జరుగుతోందో చెప్పడం మానేస్తారు. ఇద్దరికీ నష్టమే.

మా పాప మూడో తరగతిలో ఉన్నప్పుడు రోజూ ఒకటే కంప్లైంట్. ఉన్నట్టుండి చెవులు మూసుకుని కేకలు పెడుతోంది, బయటికి పరుగెడుతోంది అని. ఎప్పుడెప్పుడు మేడం అంటే "ఎప్పుడూ అంతేనండీ" అన్నారు. ఒక తెల్ల కాగితం ఇచ్చి, అలా జరిగినప్పుడల్లా టైము ఒక్కటి వేయండి, ఇంకేం రాయక్కర్లేదు అని అడిగాను. తర్వాత ఆ టైములు చూస్తే దాదాపు అన్నీ పీరియడ్ మారే వేళలే. బెల్లు వాళ్ల క్లాసు కిటికీ పక్కనే ఉంది! ఇంట్లో కుక్కర్ విజిల్‌కి కూడా తను అలాగే చేస్తుంది, అందుకే విజిల్ వచ్చేముందు మేం తనకి చెప్తాం. ఆ ముక్క టీచర్‌కి చెప్పాను. ఆమె సీటు అవతలి గోడ వైపుకి మార్చారు, బెల్లు కొట్టేముందు పక్కన కూర్చునే పిల్లతో సైగ చేయించారు. కేకలు పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గాయి, బయటికి పరుగెత్తడం మానేసింది. ఎవరికీ పైసా ఖర్చు లేదు. ఇంటి దగ్గర మాకు తెలిసింది స్కూల్‌కి తెలియదు, స్కూల్లో జరిగేది మాకు కనిపించదు, అంతే తేడా.

మీరూ ఫోన్ వచ్చినప్పుడు సారీ చెప్పకండి, ఎదురు వాదించకండి. "తోసే ముందు ఏం జరిగింది? ఏ టైములో? లైన్లో నిలబడినప్పుడా, లంచ్ ముందా?" అని అడగండి. రెండు వారాలు అవే ప్రశ్నలు అడిగితే టీచర్ కూడా తనంతట తనే గమనించడం మొదలుపెడతారు.

తర్వాత బాబు గురించి ఒకే ఒక్క పేజీ తయారుచేయండి. ఒకే పేజీ అని ఎందుకంటున్నానంటే, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో చేయించిన అసెస్‌మెంట్, థెరపీ రిపోర్టులు, డాక్టర్ చీటీలు అన్నీ కలిపి లావుపాటి ఫైలు ఇచ్చేవాళ్లున్నారు. నలభైమంది పిల్లలున్న టీచర్ దాన్ని బీరువాలో పెడతారు. పేజీలో ఉండాల్సింది వేరు. వాడికి ఏం ఇష్టం, దేనికి భయపడతాడు, కోపం వచ్చేముందు ముఖంలోనో చేతుల్లోనో ఏం కనిపిస్తుంది, అప్పుడు ఇంట్లో మీరేం చేస్తారు, బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే ఎలా చెప్తాడు. ఈ చివరిది తప్పకుండా రాయండి. మాటలు రాని పిల్లలు క్లాసులోంచి లేచిపోవడానికి చాలాసార్లు అదే కారణం. మేం బాత్‌రూమ్ బొమ్మ ఉన్న కార్డు లామినేట్ చేసి ఒకటి ఇంట్లో, ఒకటి స్కూల్ బ్యాగులో పెట్టాం. రెండు చోట్లా అదే కార్డు, అదే పద్ధతి కాబట్టి పాపకి అలవాటైంది. ఆ పేజీ కాపీలు ఆయాకి, వ్యాన్ డ్రైవర్‌కి కూడా ఇవ్వండి. క్లాస్ టీచర్ కంటే ముందు పిల్లాడి మూడ్ కనిపించేది వాళ్లకే.

రోజువారీ కబురుకి ఒక నోట్‌బుక్ చాలు. టీచర్‌ని వ్యాసాలు రాయమనకండి. తిన్నాడా, కూర్చున్నాడా, ఏదైనా మంచి జరిగిందా అని మూడు గడులు గీసి టిక్ పెట్టమనండి. ఇంటి నుంచి మీరూ రాయాలి, రాత్రి నిద్ర సరిగా లేదు, కొత్త మందు మొదలైంది, ఇలాంటివి. క్లాసు వాట్సాప్ గ్రూపులో మాత్రం బాబు విషయం ఒక్క అక్షరం కూడా పెట్టకండి, ఆ గొడవలు నా షాపులోనే ఎన్నో విన్నాను.

పేరెంట్స్ మీటింగ్ మీద ఆశ పెట్టుకోవద్దు. మా ప్రభుత్వ స్కూళ్లలో 2024 డిసెంబర్ 7న, మళ్లీ 2025 జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెట్టారు. ముగ్గులు, ఆటలు, భోజనాలు, సందడి బాగుంది. కానీ అంతమంది మధ్య నిలబడి మన పిల్ల బాత్‌రూమ్ సంగతి మాట్లాడగలమా? శనివారం సాయంత్రం ఇరవై నిమిషాలు విడిగా టైము అడగండి. వీలైతే అమ్మానాన్న ఇద్దరూ వెళ్లండి. నాన్న కూడా వచ్చి కూర్చుంటే స్కూల్ వాళ్ల తీరు మారుతుంది. అది న్యాయం కాదు, కానీ అలాగే ఉంది మరి.

ఆ ఇరవై నిమిషాల్లో ఐఈపీ అన్న మాట వాడకపోయినా పర్లేదు. "వచ్చే మూడు నెలల్లో వీడు ఒక్క పని నేర్చుకోవాలి, ఏది పెట్టుకుందాం మేడం?" అనండి. ప్రార్థనలో చివరిదాకా లైన్లో నిలబడటమో, టిఫిన్ బాక్సు తనే తెరిచి మూయడమో, ఏదో ఒకటి. ఇంట్లో ఎవరు ఎలా చేయించాలి, స్కూల్లో ఎవరు ఎలా, ఎప్పుడు చూసుకుందాం అన్నది అక్కడే కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. అదే ఐఈపీ. పేరు వింటే టెన్షన్ పడేవాళ్లు పని చెప్తే ఒప్పుకుంటారు.

ఇంత చేసినా కదలకపోతే అప్పుడు చట్టం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్, ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్లు కూడా ఇలాంటి పిల్లల్ని అందరితో కలిపి చదివించేలా ప్రభుత్వాన్ని చూడమంటుంది, కాబట్టి ప్రైవేటు అని తప్పించుకోవడం కుదరదు. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలి, ప్రతి పిల్లవాడి ప్రగతిని గమనించాలి అని అందులో ఉంది. మర్యాదగా తెలుగులోనే ఉత్తరం రాయండి, రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు స్టాంపు వేయించుకోండి. ఆ తర్వాత ఎంఈఓ, డీఈఓ, చివరికి రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్.

షాడో టీచర్‌ని, అంటే క్లాసులో బాబు పక్కనే ఉండి చూసుకునే మనిషిని, మీ ఖర్చుతో పెట్టుకోమని స్కూల్ వాళ్లు అడిగే అవకాశం ఉంది. నా అభిప్రాయం చాలామందికి నచ్చదు గానీ, కొన్నాళ్లకు గడువు పెట్టి అయితేనే ఒప్పుకోండి. షాడో వచ్చాక క్లాస్ టీచర్ పిల్లాడి వైపు చూడటమే మానేసిన సందర్భాలు నాకు తెలుసు.

ప్రభుత్వ స్కూల్ మాటకొస్తే, మండలంలో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు. మా పాపకి ఆ మేడమే వారధి. నేను చెప్తే వినని సబ్జెక్టు టీచర్లు ఆవిడ చెప్తే వింటారు. సమగ్ర శిక్ష పథకం కింద రవాణా, ఎస్కార్ట్ (పిల్లలకు తోడు వచ్చేవాళ్ల) అలవెన్సులు, ఆడపిల్లలకైతే నెలకు 200 చొప్పున పది నెలల స్టైఫండ్ ఉన్నాయి. అడిగితేనే కదులుతాయి. ఇంకోటి, విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, అణగారిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషాలో చోటివ్వాలి. 2012 సవరణతో వైకల్యం ఉన్న పిల్లలూ ఆ జాబితాలోకి వచ్చారు. ఎయిడ్ లేని ప్రైవేటు స్కూళ్లకు ఈ కమిటీ ఉండదు కాబట్టి మీకు పనికిరాదు, చదివే మిగతావాళ్లు గుర్తుపెట్టుకోండి.

స్కూల్ మార్చాలా అని ఇప్పుడే ఆలోచించకండి. ఈ పేజీ, ఈ నోట్‌బుక్ ఒక టర్మ్ నడిపి చూడండి. అప్పటికీ టీచర్ ఒక్క గడిలో కూడా టిక్ పెట్టకపోతే మార్చేయండి, ఇంకో ఏడాది ఆగొద్దు. మార్చినా మార్చకపోయినా జూన్‌లో కొత్త క్లాస్ టీచర్ వస్తారు, కాబట్టి వేసవి సెలవుల్లోనే ఆ పేజీ సరిచేసి పెట్టుకోండి. మీది ఏ జిల్లా, సదరం తీసుకున్నారా, వైకల్యం శాతం 40 లేదా ఆపైన ఉందా అన్నది కింద రాస్తే భవిత కేంద్రం వాళ్లని ఏమేం అడగొచ్చో చెప్తాను.