ఇంకా రెండు వందల పేజీలు ఉన్నాయిగా!

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక రిటైర్డ్ ఇంగ్లీషు టీచరు గారు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 59. సంక్రాంతి నుంచి విక్రమ్ సేఠ్ నవల 'ఎ సూటబుల్ బాయ్' చదువుతున్నారట. 1,300 పేజీలు దాటిన పుస్తకం. రాత్రి పదకొండైనా లైటు ఆర్పడం లేదని భర్త సణుగుతున్నారు. ఇల్లు వదిలేసి పుస్తకంలో దాక్కుంటున్నానేమోనని ఆవిడకే అనుమానం. మరోపక్క అది అయిపోవస్తోందని దిగులు. ఇంకా రెండు వందల పేజీలే మిగిలాయని, ఇప్పుడు వారానికి రెండు పేజీలు మాత్రమే చదువుతున్నారు. చివర్లో, కవరు అంటించేముందు గుర్తొచ్చినట్టు, ఇంకో ప్రశ్న: "ఆగలేక ముగింపు తిప్పి చూశాను. లత చివరికి తల్లి మెచ్చిన అబ్బాయినే చేసుకుంది. ఆ పేజీ ఫొటో తీసి హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి వాట్సాప్‌లో పంపనా?"

పంపకండి.

టీచరు గారూ, ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. మీ ఉత్తరంలో మొదటి మూడు పేజీలూ నాకు పండగే. ముందున్న నాలుగు కుటుంబాల వంశవృక్షాల దగ్గర వేలు పెట్టుకుని మొదటి వంద పేజీలు చదివానన్నారు చూడండి, పెళ్ళింట్లో కొత్త కోడలు "ఈవిడ ఎవరి వైపు?" అని అడుగుతూ తిరిగినట్టు, అక్కడే నవ్వేశాను. తర్వాత తర్వాత ఆ పేజీతో పని ఉండదు. మెహ్రాలు, కపూర్లు, ఛటర్జీలు, ఖాన్‌లు మన వీధిలో వాళ్ళయిపోతారు. మామగారి బంగారు పతకం కరిగించి చెవులకి చేయించుకున్న మీనాక్షి మీద మీకు వచ్చిన కోపం సొంత తోడికోడలి మీద వచ్చే కోపమే. లత తల్లి రూపా మెహ్రా పాత గ్రీటింగు కార్డుల్లో బొమ్మలు కత్తిరించి కొత్తవి తయారుచేస్తుంటే, మీరు శుభలేఖల మీది వినాయకుళ్ళని కత్తిరించి స్టీలు డబ్బాలో దాచడం గుర్తొచ్చిందన్నారు. ఒళ్ళో దిండు పెట్టుకుని దానిమీద పుస్తకం పెట్టుకుంటున్నారట. రచయిత ముందే హెచ్చరించాడుగా, మణికట్టు బెణుకుతుందని!

పెద్ద నవలలో సుఖం అదే. చిన్న కథ చుట్టం చూపుకి వచ్చి వెళ్ళిపోతుంది. ఇది పెట్టే బేడా సర్దుకుని వచ్చి మనింట్లో కాపురం పెడుతుంది. మధ్యలో కోర్టులో జమీందారీ రద్దు వాదనలు, చెప్పుల తయారీ, 1952 ఎన్నికలు. "నాకెందుకివన్నీ" అనుకుంటూనే చదువుతాం. మన జిల్లాల్లో జమీందారీలు మద్రాసు ప్రభుత్వపు 1948 చట్టంతో పోయాయి. ఎక్కడా లేని, నవల కోసం కల్పించిన బ్రహ్మపూర్‌లో ఆ గొడవ చదువుతుంటే మా తాతగారి ఊళ్ళో దివాణం గురించి విన్న కబుర్లు గుర్తొచ్చాయి నాకు.

మీవారి సణుగుడు గురించి నాకు పెద్ద ఆందోళన లేదు. విశ్వనాథ వారు 'వేయిపడగలు' 29 రోజుల్లో ఆశువుగా చెప్తుంటే తమ్ముడు రాశారంటారు. ఆయన 29 రోజుల్లో చెప్పింది చదవడానికి నాకు మూడు వేసవులు పట్టింది. కొత్తగా కాపురానికొచ్చిన రోజులు. "ఆ పుస్తకం అయ్యేలోపు నీకు పిల్లాడు పుడతాడు" అనేవారు మా అత్తగారు. పుట్టాడు కూడా. ఇల్లేమీ మునిగిపోలేదు. మీరు ముప్ఫై ఏళ్ళకి పైగా పేపర్లు దిద్ది, క్యారేజీలు కట్టి, అత్తమామలకి చేసి ఇప్పుడు ఖాళీ అయ్యారు. రాత్రి పదకొండు దాకా నవల చదువుకోవడానికి ఎవరినీ అనుమతి అడగక్కర్లేదు. ఆ ప్రశ్న అక్కడితో సరి.

ఇప్పుడు నాలుగో పేజీకి వద్దాం.

నాలుగు పేజీల ఉత్తరంలో మీ అమ్మాయి గురించి ఆరు వాక్యాలున్నాయి. లెక్కపెట్టాను. భోగి సాయంత్రం, ముందు హాల్లో, ఇద్దరు పెద్దమ్మల ఎదుట, "నేను చూసినవాడినే చేసుకుంటావు" అన్నారు. గుంటూరు సంబంధంవాళ్ళు ముక్కనుమ నాడు పెళ్ళిచూపులకి రావాల్సి ఉంది. కనుమ నాడు కాకైనా కదలదంటారు. మీ అమ్మాయి కనుమ పొద్దున్నే శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కేసింది. సంబంధంవాళ్ళ దగ్గర మీ మాట పోయింది. ఏడు నెలలుగా మీతో మాటల్లేవు, వాళ్ళ నాన్నతో రోజూ మాట్లాడుతుంది, ఆయన స్పీకరు పెట్టరు. వెళ్తూ వెళ్తూ ఈ పుస్తకం డైనింగు టేబుల్ మీద వదిలి వెళ్ళింది.

అంటే ఇది మీరు కొనుక్కున్న పుస్తకం కాదు. మీ అమ్మాయి అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర కొని, తను చదివి, మీకిచ్చింది. లోపలి అట్ట మీద రాసింది కూడా: "అమ్మకి. తొందరేమీ లేదు. అయ్యాక మాట్లాడుకుందాం." ఈ ముక్క మీరు బ్రాకెట్లో పెట్టి రాశారు, టీచరు గారూ.

ఏడు నెలల్లో మొదటి పదకొండు వందల పేజీలు మూడు నెలలకే అయిపోయాయని మీరే రాశారు. తర్వాత నుంచి నత్తనడక. వారానికి రెండు పేజీలు. అదీ కాక "మళ్ళీ మొదటి పెళ్ళి ఘట్టం చదివాను, బాగుంది" అని. పుస్తకం అయిపోతుందన్న దిగులు నాకు తెలుసు, అనుభవించాను. ఇది ఆ దిగులు కాదు. అయ్యాక మాట్లాడాలి. అందుకని అవనివ్వడం లేదు.

మొదటి వాక్యం చదవగానే నవ్వొచ్చిందన్నారు. "నువ్వు కూడా నేను ఎంచినవాడినే చేసుకుంటావు" అని రూపా మెహ్రా చిన్న కూతురు లతతో గట్టిగా అంటుంది. భోగి నాడు మీ హాల్లో మీరన్న మాట, అక్షరం అటూ ఇటూగా. మీకు నవ్వెలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. మీ అమ్మాయికి ఏ రాత్రి నిద్రపట్టక ఈ పుస్తకం గుర్తొచ్చి ఉంటుందో మాత్రం అర్థమైంది.

ఇక ఆ ముగింపు. (ఇంకా చదవనివాళ్ళు క్షమించాలి, పైన ఆవిడే చెప్పేశారు.) లత తల్లి మెచ్చిన హరేష్‌నే చేసుకుంటుంది, నిజమే. మరి తల్లి మాటకీ ఆ పెళ్ళికీ మధ్య 1,300 పేజీలు ఎందుకున్నట్టు? కబీర్‌ని ప్రేమించి, అమిత్‌ని కాదని, హరేష్‌తో ఉత్తరాలు నడిపి, కోపం వచ్చి, తగ్గి, చుట్టూ ప్రేమలు ఏం చేశాయో కళ్ళారా చూసి, తనకు తానే తేల్చుకుంది ఆ పిల్ల. తల్లి ఎంపికా కూతురి నిర్ణయమూ ఒకే అబ్బాయి దగ్గర కలిశాయంతే. మీరు మీ అమ్మాయికి భోగి సాయంత్రం నుంచి ముక్కనుమ దాకా గడువిచ్చారు. అది తప్పించుకుని వెళ్ళి మీకు మాత్రం ఏడు నెలలిచ్చింది. ఆ పేజీ ఫొటో తీసి పంపితే పుస్తకం చదివినట్టు కాదు, గైడు చూసి జవాబు రాసినట్టు. మీ క్లాసులో అలా రాసినవాళ్ళకి ఎన్ని మార్కులు వేసేవారు?

ఇంకొకటి. మహేష్ కపూర్ భార్యకి అంత పెద్ద పుస్తకంలో సొంత పేరే లేదని, ఆద్యంతం 'మిసెస్ మహేష్ కపూరే'నని మీకు మహా కోపం వచ్చిందట. అరపేజీ రాశారు. న్యాయమైన కోపం. మీ ఉత్తరంలో లత ఉంది, సవిత ఉంది, మాలతి ఉంది, మీనాక్షి ఉంది. మీ అమ్మాయి మటుకు 'మా అమ్మాయి'. ఆరు వాక్యాల్లోనూ.

సంబంధాలు చూడటం మానేయమనను. ఇరవయ్యేడేళ్ళ పిల్ల ఇంట్లో ఉంటే చూడటం తల్లిదండ్రుల బాధ్యత, అందులో తప్పేమీ లేదు. వాళ్ళే తెచ్చుకుంటారులే అని చేతులు దులుపుకునే వాళ్ళ కంటే మీరు నయం. కానీ నలుగురి ముందు పిల్ల నోరు మూయించి, ఆ తర్వాత నా మాట పోయిందని బాధపడటం కుదరదు. సంపాదించుకుంటున్న పిల్లకీ పరువుంది. ముందు పోయింది దానిది.

ఆ పిల్లదీ తప్పు లేకపోలేదు. నాన్నతో గంటలు గంటలు మాట్లాడుతూ అమ్మ ఎలా ఉందని అడక్కపోవడం ఏం మర్యాద? ఎదురైతే అదే అంటాను. మీవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజూ కూతురితో మాట్లాడే మనిషి ఒక్కసారి ఫోను పక్కకి చాపి "ఇదిగో మీ అమ్మ" అనలేదు. లైటు మీద ఉన్న శ్రద్ధ దీనిమీద లేదు ఆయనకి.

ఆదివారం లోపు పుస్తకం పూర్తి చేయండి. రెండు వందల పేజీలు మీకొక లెక్కా! మధ్యలో మీకు ఇష్టమైన వాళ్ళకి కొన్ని జరుగుతాయి, ఏడుపొస్తే ఏడవండి. ఆదివారం సాయంత్రం మీ ఫోన్ నుంచి, ఆయన ఫోన్ నుంచి కాదు, చేయండి. మన ఇళ్ళలో తల్లులు కూతుళ్ళకి క్షమాపణ చెప్పరు, కందిపొడి సీసా పంపిస్తారు. ఈసారి సీసా చాలదు. "హాల్లో అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది" అని నోటితో అనండి. గుంటూరు వాళ్ళ ఊసెత్తకండి. తర్వాత, "నువ్వు ఎవరి వైపే? కబీరా, అమితా, హరేషా?" అని అడగండి. ఈ పుస్తకం చదివిన ఇద్దరు కలిస్తే దీని మీద పోట్లాడుకోకుండా ఉండలేరు. మిమ్మల్ని తిట్టాలని చూసినా కాసేపట్లో కబీర్ గురించి మాట్లాడటం మొదలుపెడుతుంది. అప్పుడు మధ్యలో దిద్దకుండా వినండి. తను ఎలాంటివాడు కావాలనుకుంటోందో ఏ పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పనంత వివరంగా తెలుస్తుంది.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: "పుస్తకమంతా మా అమ్మాయి పెన్సిల్ గీతలు, పిచ్చి గీతలు. చూడ్డానికి బాగోక రబ్బరుతో చెరిపేశాను." అలవాటు, తెలుసు. కానీ ఏడు నెలలుగా మీతో మాట్లాడని పిల్ల మీతో మాట్లాడింది అక్కడేనమ్మా.

లైటు సంగతి అడిగారు కదా. పుస్తకానికి తగిలించుకునే చిన్న లైట్లు వస్తున్నాయి, బీసెంట్ రోడ్డు వెళ్ళినప్పుడు ఒకటి తెచ్చుకోండి, ఆయన నిద్రా చెడదు. దాన్ని పైనుంచి కాకుండా పేజీకి ఒక పక్కనుంచి పడేలా పెట్టండి. పెన్సిల్ గట్టిగా నొక్కి గీస్తే రబ్బరుకి నలుపే పోతుంది, కాగితం మీద నొక్కు పోదు. మొదటి పేజీ నుంచి చూసుకుంటూ రండి.