ధనుష్కోటి దాకా వెళ్తున్న మా మేనకోడలికి

నెల్లూరు,
ఆదివారం

అమ్మాయ్ శ్రావణీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ముప్పావు గంట మాట్లాడింది. సంక్రాంతి అయ్యాక చెన్నై నుంచి ధనుష్కోటి దాకా బైకు మీద వెళ్తున్నావట. ఆరు రోజులట. పది మంది మగపిల్లలు, నువ్వు, ఇంకో అమ్మాయి అట. "నీ మాటైతే వింటుందిరా, ఎలాగైనా మాన్పించు" అంది. ఆ దారిలో నాలుగుసార్లు పోయొచ్చిన వాణ్ణి, నేనేం మాన్పిస్తాను? పోయిన నాలుగు సార్లలో రెండు సార్లు నీలాగే డబ్బు కట్టి, గైడు వెంట గుంపుతో పోయాను. ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అంటూ ఇన్‌స్టా చూసుకుంటావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

"గైడు ఉంటాడు కదా, అన్నీ వాళ్ళే చూసుకుంటారు" అని అమ్మతో అన్నావట. ఆ మాటే నాకు గుబులు పుట్టించింది. హోటలు, దారి, సామాను, పంక్చరు వాళ్ళు చూసుకుంటారు. వాటి సంగతి నిశ్చింతగా వాళ్ళకు వదిలెయ్. నీ బండి ఎంత స్పీడులో పోవాలి, ఎప్పుడు ఓవర్‌టేక్ చెయ్యాలి, ఒళ్ళు అలిసిందా లేదా అన్నవి మాత్రం ఎవరూ చూడలేరు. గుంపును నడిపే గైడు, లీడర్ అంటారు, నీకు అర కిలోమీటరు ముందుంటాడు. వాడికి అద్దంలో నువ్వొక హెడ్‌లైటువి, అంతే.

మొదటిసారి పోయినప్పటి సంగతి చెప్తాను. కడలూరు దాటాం. ముందు ఒక బస్సు. లీడర్ దాన్ని దాటేశాడు, వాడి వెనక ఇద్దరు దాటేశారు, నేను నాలుగో వాణ్ణి. నా ముందు బండి వెనక లైటు తప్ప నాకేమీ కనబడటం లేదు. చూడాలని కూడా తోచలేదు. ముగ్గురు పోయారంటే దారి ఖాళీగానే ఉంటుందిలే అనుకున్నాను. బస్సు పక్కన సగం దాకా వెళ్ళానో లేదో, ఎదురుగా ఇసుక లారీ. ముందుకు పోయే టైము లేదు, వెనక్కి తగ్గుదామంటే ఐదో వాడు నా వెనకే ఉన్నాడు. బస్సు డ్రైవరు బ్రేకు తొక్కి ముందు కాస్త జాగా ఇచ్చాడు, అందులోకి దూరిపోయాను. దాటాక చూసుకుంటే ఎడమ చెయ్యి క్లచ్ మీద బిగుసుకుపోయి ఉంది, వేళ్ళు ఊడి రావటం లేదు. ఆ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నన్నేదో అన్నాడు. నాకు తమిళం బాగానే వచ్చు, కానీ ఆ మాటలు ఇక్కడ రాయను.

ముగ్గురికి సరిపోయిన ఖాళీ నాలుగో మనిషికి ఉండదమ్మా. గుంపులో ఉన్నా ఓవర్‌టేక్ మాత్రం ఒంటరిగా చెయ్యాలి. నీ కళ్ళతో ఎదురు రోడ్డు చూసి, నీకు సరిపడా జాగా ఉంటేనే పోవాలి. లేకపోతే బస్సు వెనకే పొగ పీలుస్తూ పది నిమిషాలు పో. మంచి లీడర్ అయితే ముందుకెళ్ళి స్లో చేసి ఆగుతాడు. ఆగకుండా పోయేవాడైతే వాడి వెంట పోవాల్సిన పనే లేదు.

అందుకే మిగతా డబ్బు కట్టే ముందు వాళ్ళకు ఫోన్ చేసి కొన్ని అడుగు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు? అందరికంటే వెనక వచ్చే మనిషి, స్వీప్ అంటారు, ఎవరు? వాడికి మెకానిక్ పని వచ్చా? వ్యాన్ ఉందా, అందులో నీ బండి ఎక్కించే వీలుందా, లేక బ్యాగులకేనా? అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాల నంబరు ఉందా? అది లేని బండి ఇస్తే దాని ఇన్సూరెన్సును నమ్ముకోకు. బండి తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి వీడియో తీసుకో, పాత గీతలన్నీ అందులో పడాలి. తిరిగి ఇచ్చేటప్పుడు అడ్వాన్సు కోసం గొడవ పడటం నా వయసు వాళ్ళకు కాలక్షేపం, నీకెందుకు?

ఏ బండి అన్నది వాళ్ళకు వదలొద్దు. అందరికీ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ ఇస్తున్నామని గొప్పగా చెప్తారు. కొత్త హిమాలయన్ 450 సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, అదే కంపెనీ మీటియర్ 350 అయితే 765. నీ ఎత్తుకు ఆ ఆరు సెంటీమీటర్ల తేడా అంటే ఆపినప్పుడు పాదం మొత్తం ఆనటానికీ, మునివేళ్ళ మీద నిలబడటానికీ ఉన్న తేడా. రెండూ 190 కిలోలు దాటిన బళ్ళే. ఇసుక మీద ఒక పక్కకు ఒరిగాయంటే మునివేళ్ళు ఆపలేవు. మొహమాటపడకుండా మీటియర్ అడుగు. ఈ లోపల ఒక ఆదివారం అలాంటి బండి అద్దెకు తీసుకుని నాగార్జునసాగర్ పోయి రా. హైదరాబాదు నుంచి పోను రాను 300 కిలోమీటర్లు. ఇంటికొచ్చాక నడుము, మణికట్టు ఏం చెబుతాయో విను.

గుంపులో రెండు పద్ధతులు ఉంటాయి. ఒకటి జిగ్‌జాగ్‌గా పోవటం. మన లేన్‌లోనే ముందువాడు కుడి అంచున ఉంటే నువ్వు ఎడమ అంచున. అప్పుడు నీ ముందు చూపు ఉంటుంది, బ్రేకు వెయ్యటానికి జాగా ఉంటుంది. ఊళ్ళలోకి వచ్చాక, మలుపుల్లో ఇది వదిలేసి ఒకరి వెనక ఒకరు పోవాలి. రెండోది కూడలి దగ్గర మనిషిని నిలబెట్టటం. మలుపు వచ్చినప్పుడు లీడర్ తన వెనకున్న వాణ్ణి అక్కడ ఆపి పోతాడు. వచ్చేవాళ్ళకల్లా వాడు దారి చూపించి, స్వీప్ వచ్చాకే కదులుతాడు. చూడటానికి చిన్న పనే.

ఆ చిన్న పని నాకు శీర్కాళిలో అప్పజెప్పారు. ఎండ. ఎదురుగా పన్నీర్ సోడా బండి. ఒక్క నిమిషమే కదా అని రోడ్డు దాటాను. గోళీ నొక్కించుకుని, తాగి, డబ్బులిచ్చి తిరిగొచ్చేసరికి ఐదుగురు మేం పోవాల్సిన తరంగంబాడికి తిరగకుండా నేరుగా మయిలాడుతురై రోడ్డు పట్టుకుని వైదీశ్వరన్ కోయిల్ చేరుకున్నారు. నాడీ జ్యోతిష్యం చెప్పే ఊరు అది. మీరు దారి తప్పి వస్తారని అక్కడ తాటాకుల్లో రాసే ఉంటుందిలే అని జోకు వేశాను, ఎవరూ నవ్వలేదు. గంటన్నర పోయింది. ఆ గంటన్నర తరంగంబాడిలో గడపాల్సింది, అదీ నా బాధ.

ఆ ఊరి గురించి ఇంకాస్త రాయాలి, ఎందుకంటే చాలా టూర్లు దాన్ని టీ తాగే స్టాపులాగా చూస్తాయి. డేన్స్‌బోర్గ్ కోట దగ్గర 20 నిమిషాలు, ఒక గ్రూపు ఫొటో, బండెక్కు. నువ్వు బ్రీఫింగు రోజే అడుగు, అక్కడ రెండు గంటలు కావాలని. 1620లో డెన్మార్క్ వాళ్ళకు అక్కడ కోట కట్టుకోమని అనుమతి ఇచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు. మన తెలుగువాడు, తెలుగులో కావ్యాలు రాసిన రాజు. అప్పుడు ఆయన వాళ్ళ రాజుకు బంగారు రేకు మీద రాయించి పంపిన లేఖ ఇప్పటికీ డెన్మార్క్‌లో భద్రంగా ఉంది. 1845లో డేన్లు ఆ ఊరిని ఇంగ్లీషు వాళ్ళకు అమ్మేసి పోయారు. 1792లో కట్టిన ఊరి దర్వాజా కిందుగానే నీ బండి లోపలికి పోతుంది, కాబట్టి అక్కడ గేరు తగ్గించి తలెత్తి చూడు. వీధిలో రెండు పాత చర్చిలుంటాయి. 1706లో వచ్చిన జీగెన్‌బాల్గ్ అనే పాదిరీ ఇక్కడే అచ్చుయంత్రం పెట్టించి తమిళంలో పుస్తకాలు అచ్చేయించాడు. కోటకు పక్కనే సముద్రం ఒడ్డున పాండ్యులు కట్టిన మాసిలామణినాథర్ గుడి ఉంది. అలలు దాని ముందు భాగాన్ని ఎప్పుడో తినేశాయి. నేను చూసిన రోజు మెట్టు మీద ఒక ముసలాయన వల బాగు చేసుకుంటున్నాడు. పగిలిన రాతి అంచుకు దారం చుట్టి లాగి బిగిస్తున్నాడు. ఆ రాయి అందుకే ఉన్నట్టు, ఎంత అలవాటుగానో.

మహాబలిపురం నీకు తెలిసిందే. ఒక్క మాట, తీరం గుడి తూర్పు ముఖం పొద్దున్నే చూడు. పన్నెండు వందల ఏళ్ళకు పైగా ఉప్పుగాలి తిన్న శిల్పాలు, మధ్యాహ్నం ఎండలో అన్నీ ఒకే ముద్దలా కనబడతాయి. చిదంబరం గుడి మధ్యాహ్నం మూసేస్తారు, సాయంత్రం దాకా తియ్యరు. ఈ టూర్ల వాళ్ళు సరిగ్గా ఒంటి గంటకు అక్కడికి తీసుకెళ్ళి "అయ్యో" అంటారు. ప్రోగ్రాం కాగితంలో టైము చూసి ముందే గొడవ పెట్టుకో. బ్యాగులో పైన ఒక జత చెప్పులు, చున్నీ పెట్టుకో. రైడింగ్ బూట్లతో ఊళ్ళు తిరగటం నరకం.

పుదుచ్చేరిలో సాయంత్రం నుంచి బీచ్ రోడ్డు మీదకు బళ్ళను రానివ్వరు. అది నీ మంచికే. బండి హోటల్లో పడేసి, కాలువ దాటి తెల్లవాళ్ళ పట్నంలో నడువు. నిలువు, అడ్డం గీతలు గీసినట్టున్న వీధులు. 1761లో ఇంగ్లీషు వాళ్ళు ఊరిని నేలమట్టం చేస్తే ఫ్రెంచి వాళ్ళు మళ్ళీ కట్టుకున్నారు, కాబట్టి నువ్వు చూసే గోడలు దాని తర్వాతవే. మన యానాం కూడా పుదుచ్చేరి ప్రభుత్వం కిందదేనని నీ పక్కన ఉన్న హైదరాబాదు కుర్రాళ్ళకు చెప్పు, సగం మంది నమ్మరు. పెట్రోలు అక్కడే ఫుల్ చేయించు, తమిళనాడు కంటే తక్కువ.

కష్టమైన రోజు తరంగంబాడి నుంచి రామేశ్వరం పోయే రోజు. దగ్గర దగ్గర 300 కిలోమీటర్లు. ముత్తుపేట దాటాక రోడ్డు తాడు లాగినట్టు ఉంటుంది. రెండు పక్కలా సర్కారు తుమ్మ, అక్కడక్కడా మేకలు, ఎడమవైపు సముద్రం ఉందన్న మాటే గానీ కనబడదు. ప్రమాదం ఇక్కడే, ఏమీ లేని చోట. ఎండకు, ఆ ఒక్క తీరు శబ్దానికి నిద్ర ముంచుకొస్తుంది. పక్కవాళ్ళు అరిటాకు భోజనం, రెండోసారి సాంబారు, మూడోసారి రసం అని లాగించేస్తుంటే నువ్వు రెండు ఇడ్లీలు, పెరుగన్నంతో లేచిపో. ఆకలైతే రామేశ్వరంలో తిందువుగాని. దాహం వేసే దాకా ఆగకు, ఆగిన ప్రతిచోటా ఉప్పు వేసిన మజ్జిగో కొబ్బరినీళ్ళో తాగు. ఆడపిల్లలు బాత్రూము దొరకదని నీళ్ళు మానేస్తారు. మీ అత్తయ్యా అదే చేసి పట్టుకోటలో కళ్ళు తిరిగి పడిపోయింది. పెట్రోలు బంకుల్లో ఆపమని లీడర్‌కు పొద్దున్నే చెప్పు, సిగ్గు అక్కర్లేదు. ఒక్క క్షణం కన్ను మూతపడినట్టు అనిపించినా చెయ్యి ఎత్తి పక్కకు ఆపు. గుంపు ఆగుతుంది. ఆగకపోతే స్వీప్ ఆగుతాడు, వాడికి జీతం ఇచ్చేది అందుకే.

పాంబన్ రోడ్డు వంతెన మీద పక్కగాలి తోసేస్తుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే ఇంకా ఊగుతుంది. మోకాళ్ళతో ట్యాంకును నొక్కి, చేతులు వదులుగా పెట్టు. పక్కన, 1914 నాటి పాత రైలు వంతెనకు బదులుగా 2025లో తెరిచిన కొత్తది ఉంటుంది, మధ్య భాగం నిట్టనిలువుగా పైకి లేచేది. చూడాలనిపిస్తే దాటాక దిగి నడిచి వచ్చి చూడు. వంతెన మీద బండి ఆపి సెల్ఫీలు తీసుకునే జనం ఉంటారు, వాళ్ళలో కలవకు.

ధనుష్కోటికి పొద్దున్నే పోవాలి, ఎలాగూ సాయంత్రమైతే పంపించేస్తారు. 1964 డిసెంబరు తుపానులో రైలుతో సహా కొట్టుకుపోయిన ఊరు. చర్చి గోడలు, స్టేషను మొండి గోడలు మిగిలాయి. చివర అరిచల్‌మునై దాకా నున్నటి తారు రోడ్డే, కానీ రాత్రి గాలికి ఇసుక దాని మీద నాలుకల్లా పరుచుకుని ఉంటుంది. ఇసుక కనబడగానే ముందే స్పీడు తగ్గించుకో. దాని మీదకు వచ్చాక ముందు చక్రం బ్రేకు ముట్టుకోకు, హ్యాండిల్ తిప్పకు, యాక్సిలరేటర్ అలాగే సన్నగా పట్టుకుని నేరుగా దాటిపో. ఆపినప్పుడు సైడ్ స్టాండు కింద నొక్కిన డబ్బా మూతో చదును రాయో పెట్టు, లేకపోతే టీ తాగి వచ్చేసరికి బండి పడుకుని ఉంటుంది. రూముకు తిరిగొచ్చాక మంచినీళ్ళతో గొలుసు కడిగి ఆయిలు వెయ్యమని మెకానిక్‌ను అడుగు. వేశాడో లేదో వంగి చూసుకో.

వచ్చేటప్పుడు చెన్నైలో బండి అప్పజెప్పి రైలెక్కుతావు కదా, నెల్లూరులో దిగు. అత్తయ్య చేపల పులుసు పెడుతుంది. నా పాత మెష్ గ్లౌజులు రేపు కొరియర్ చేస్తున్నాను. కుడి బొటనవేలు దగ్గర కుట్టు ఊడింది, మీ వీధి చెప్పులతనితో వేయించుకో. ఇంకొకటి, ఆ బస్సు సంగతి ఇరవై ఏళ్ళుగా మీ అమ్మకు తెలియదు. ఈ ఉత్తరం ఎక్కడ పడితే అక్కడ పెట్టకు.

మీ మామయ్య