పికప్ మోయలేని ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌ను అమ్మిన డీలరుపై దావా వేయవచ్చా?

ప్రశ్న: నేను టెక్సస్‌లో, డాలస్ శివారులో ఉంటాను. ఐదు నెలల కిందట 62,000 డాలర్లకు, చాలావరకు అప్పు మీద, ఒక ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (పికప్ వెనక బెడ్‌లో తగిలించి లాగే, లోపల ఇల్లులా ఉండే బండి) కొన్నాను. అప్పటికే నా దగ్గర ముప్పాతిక టన్ను తరగతి డీజిల్ పికప్ ఉంది. కొనే ముందు ట్రక్కు తలుపు దగ్గరి స్టిక్కరును ఫొటో తీసి సేల్స్‌మన్‌కు మెసేజ్ పెట్టాను. "మీ ట్రక్కు 18,000 పౌండ్లు లాగుతుంది, ఈ ట్రైలర్ నిండా సర్దినా 14,500 దాటదు, మీ ట్రక్కుకు ఇది సరిపోతుంది" అని జవాబిచ్చాడు. గత నెల కుటుంబంతో, ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారితో కలిసి బయల్దేరితే ట్రక్కు వెనక భాగం బాగా కుంగిపోయింది. హెడ్‌లైట్లు పైకి లేచి, ఎదురుగా వచ్చేవాళ్లు లైట్లు కొట్టసాగారు. అనుమానం వచ్చి ట్రక్ స్టాప్‌లో కాటా వేయిస్తే బరువు పరిమితి దాటినట్టు తేలింది. డీలరును అడిగితే, "లాగే వాహనం సరిపోతుందో లేదో చూసుకునే బాధ్యత కొనుగోలుదారుదే" అని నేను సంతకం పెట్టిన కాగితం చూపిస్తున్నారు. ఇలా నడపడం నేరమా? ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వర్తిస్తుందా? నా డబ్బు రాబట్టుకోగలనా?

జవాబు: మీరు జతచేసిన కాటా చీటీ, స్టిక్కరు ఫొటో, ఒప్పందం కాగితాలు చూశాను. చట్టం జోలికి వెళ్లే ముందు అంకెల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే మీ కేసు నిలబడినా పడిపోయినా వాటి మీదే.

ఎద్దు లాగగలిగే బరువు వేరు, బండి ముందుకు మొగ్గితే కాడి దాని మెడ మీద మోపే బరువు వేరు. ప్రకటనల్లో కనిపించే 18,000 పౌండ్లు లాగుడు సామర్థ్యం. ఫిఫ్త్ వీల్ ట్రైలర్ మాత్రం తన మొత్తం బరువులో సాధారణంగా 15 నుంచి 25 శాతం వరకు తనను ట్రక్కుకు తగిలించే పిన్ ద్వారా నేరుగా ట్రక్కు బెడ్ మీదే మోపుతుంది. ట్రక్కు ఎంత మోయగలదో డ్రైవరు తలుపు దగ్గర "మనుషులు, సామాను కలిసి ఇంతకు మించరాదు" అని రాసి ఉండే స్టిక్కరు చెబుతుంది. మీ ట్రక్కు విషయంలో అది 2,150 పౌండ్లు. బ్రోషరులో ట్రైలర్ పిన్ బరువు 2,100 అని ఉంది గనుక సరిపోయినట్టే కనిపిస్తుంది, కానీ అది ఫ్యాక్టరీ నుంచి ఖాళీగా బయటికి వచ్చిన ట్రైలర్ లెక్క. నీళ్లు, బ్యాటరీలు, గ్యాసు సిలిండర్లు, వంట సామాను, బట్టలు అందులో లేవు. 60 గ్యాలన్ల ట్యాంకు నింపితే నీళ్లే 500 పౌండ్లు తూగుతాయి. ఆపైన ఆ పిన్‌ను పట్టి ఉంచేందుకు ట్రక్కులో బిగించే హిచ్ బరువు, ట్రక్కులో కూర్చున్న ప్రతి మనిషి బరువు, మీ నాన్నగారిది కూడా, ఆ 2,150 లోంచే పోవాలి.

మీ కాటా చీటీ ప్రకారం ట్రక్కు ముందు ఇరుసు మీద 4,700, వెనక ఇరుసు మీద 6,700, ట్రైలర్ ఇరుసుల మీద 10,700 పౌండ్లు ఉన్నాయి. అంటే ట్రక్కు ఒక్కటే 11,400 తూగుతోంది. దాని గరిష్ఠ స్థూల బరువు 10,000 కాబట్టి 1,400 పౌండ్లు ఎక్కువ, వెనక ఇరుసు పరిమితి 6,200 కాబట్టి అక్కడ విడిగా మరో 500 ఎక్కువ. అదే సమయంలో ట్రక్కు, ట్రైలర్ కలిపి మొత్తం 22,100 పౌండ్లే, అందులో ట్రైలర్ వాటా 18,000కు చాలా లోపే గనుక లాగుడు సామర్థ్యం లెక్కలో మీరు సురక్షితంగానే కనిపిస్తారు. సేల్స్‌మన్ చెప్పిన అంకె అబద్ధం కాదు, అడిగిన ప్రశ్నకు సంబంధించిన అంకె కాదు, అంతే. మీ దావాకు కీలకం ఈ తేడాయే.

ఇక నేరమా అన్న ప్రశ్న. టెక్సస్ రహదారి బరువు నిబంధనలు ప్రధానంగా ఇరుసు మీద పడే బరువును చూస్తాయి. ఒంటి ఇరుసుకు 20,000, జంట ఇరుసులకు 34,000 పౌండ్ల పరిమితికి మీరు చాలా దూరంలో ఉన్నారు. సొంత అవసరానికి నడిపే వాహనం తయారీదారు స్టిక్కరు దాటడం ఒక్కటే మిమ్మల్ని శిక్షకు గురిచేసే విషయంగా నేను చూడను. నా ఆందోళన జరిమానా గురించి కాదు, ప్రమాదం జరిగితే మీ మీద పడే సివిల్ బాధ్యత గురించి.

అవతలి పక్షం లాయరు ప్రమాదం జరిగాక చేసే మొదటి పని ట్రక్కు స్టిక్కరును, ట్రైలర్ బరువును పక్కపక్కన పెట్టడం. టెక్సస్‌లో తప్పును శాతాల్లో పంచుతారు, మీ వాటా 50 శాతం దాటితే మీకు రావలసిన నష్టపరిహారం పూర్తిగా పోతుంది. అంతకన్నా గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఇంతకాలం మీరు తెలియక నడిపారు. కాటా చీటీ చేతికి వచ్చిన రోజు నుంచి తెలిసి నడిపినట్టే లెక్క. ప్రమాదం ఉందని వాస్తవంగా ఎరిగి కూడా పట్టించుకోకపోవడాన్ని ఘోర నిర్లక్ష్యంగా వాదించి, అసలు నష్టానికి తోడు దండనాత్మక నష్టపరిహారం కూడా కోరవచ్చు. పరిమితి దాటిన బరువు కారణంగా ఇన్సూరెన్సు తనంతట తాను రద్దయిపోతుందని మనవాళ్లలో ఒక ప్రచారం ఉంది. సాధారణ వ్యక్తిగత ఆటో పాలసీలు అలా పనిచేయవు, అయినా మీ పాలసీలోని మినహాయింపుల పేజీ చదవక తప్పదు. అయితే రాష్ట్రం కోరే కనీస కవరేజీ ఒక వ్యక్తి గాయానికి 30,000, మొత్తం ప్రమాదానికి 60,000, ఆస్తి నష్టానికి 25,000 డాలర్లే. అంతవరకే తీసుకున్నవారికి, దాన్ని మించిన తీర్పు సొంత ఆస్తుల మీద పడుతుంది. కాబట్టి ఈ జోడీని ఇకపై రోడ్డెక్కించకండి.

డీలరు సంగతికి వద్దాం. ట్రైలర్‌లో లోపమేమీ లేదు గనుక, లోపాలున్న వాహనాలు కొన్నవారిని కాపాడే లెమన్ చట్టం మీకు పనికిరాదు. మీకు ఆసరా టెక్సస్ వ్యాపార, వాణిజ్య స్మృతి 17వ అధ్యాయంలోని మోసపూరిత వాణిజ్య పద్ధతుల చట్టం, లాయర్లు డీటీపీఏ అనేది. వస్తువుకు లేని లక్షణాన్ని, లేని ఉపయోగాన్ని ఉన్నట్టు చెప్పడం సెక్షన్ 17.46 కింద మోసపూరిత చర్య. సేల్స్‌మన్ తెలిసే చెప్పాడని ఈ అంశంలో మీరు రుజువు చేయనక్కరలేదు. 1980లో పెనింగ్టన్ వర్సెస్ సింగిల్టన్ కేసులో టెక్సస్ సుప్రీం కోర్టు ఈ మాటే చెప్పింది, అది కూడా ఒక పడవ అమ్మకం గురించిన తగాదా. "ఈ ట్రక్కు కొండనైనా లాగేస్తుంది" అని ఉంటే అమ్మకందారు గొప్పల కింద కొట్టిపారేసేవారు. మీ ట్రక్కు స్టిక్కరు చేతిలో పెట్టుకుని, ఫలానా ట్రైలర్ పేరు చెప్పి, "మీ ట్రక్కుకు ఇది సరిపోతుంది" అని రాతలో ఇచ్చిన జవాబు నిర్దిష్టమైన హామీ. దాన్ని అదే స్మృతిలోని సెక్షన్ 2.313 కింద స్పష్టమైన వారంటీగా కూడా వాదించవచ్చు. మీ అవసరం ఏమిటో తెలిసి, తన నైపుణ్యాన్ని నమ్ముకున్నారని తెలిసి అమ్మాడు గనుక 2.315 కింద ప్రత్యేక ప్రయోజనానికి తగిన వారంటీ వాదన కూడా ఉంది.

మీరు సంతకం పెట్టిన కాగితం ఎంత బలమైనదన్నదే అసలు చిక్కు. డీటీపీఏ హక్కులను వదులుకునేలా చేసే ఒప్పందం, కొనుగోలుదారుకు సొంత లాయరు ఉండి, ఆయన సలహాతో రాతపూర్వకంగా సంతకం చేస్తే తప్ప చెల్లదు. షోరూములో ఫైనాన్సు గదిలో పెట్టిన సంతకానికి ఆ విలువ లేదు. 1985 నాటి వైట్జెల్ వర్సెస్ బార్న్స్ తీర్పు ప్రకారం, లిఖిత ఒప్పందం వేరేలా ఉన్నా నోటి మాటలను కూడా మోసానికి సాక్ష్యంగా చూపవచ్చు, మీదైతే రాతలోనే ఉంది. అలాగని కాగితం చిత్తుకాగితమూ కాదు. "ఉన్నది ఉన్నట్టుగా" అన్న షరతుకు ఒప్పుకున్న కొనుగోలుదారు తన నష్టానికి అమ్మకందారు మాటలే కారణమని చెప్పలేడని 1995లో ప్రుడెన్షియల్ వర్సెస్ జెఫర్సన్ అసోసియేట్స్ తీర్పు చెప్పింది. మోసంతో ఆ ఒప్పందం చేయించినప్పుడు మాత్రం మినహాయింపు ఉంది. అందువల్ల మీ వాదన "ఆ మెసేజ్ లేకపోతే ఆ కాగితం మీద సంతకం పెట్టేవాడినే కాదు" అనే మాట చుట్టూ నడవాలి. మెసేజ్ తేదీ సంతకానికి ముందుండటం మీ అదృష్టం.

కోర్టుకు వెళ్లడానికి 60 రోజుల ముందు డీలరుకు రాతపూర్వక నోటీసు ఇవ్వడం తప్పనిసరి. అందులో మీ ఫిర్యాదు ఏమిటో, ఆర్థిక నష్టం ఎంతో, లాయరు ఖర్చులు ఎంతో స్పష్టంగా రాయాలి. ఈ గడువులోనే చాలా తగాదాలు ట్రైలర్ వెనక్కి తీసుకోవడమో, మార్పిడి ధరలో తగ్గింపు ఇవ్వడమో జరిగి ముగుస్తాయి, మీకు కూడా అదే మేలు. దావా వేయాల్సి వస్తే కాలపరిమితి రెండేళ్లు. తెలిసే చెప్పాడని జ్యూరీ నమ్మితే ఆర్థిక నష్టానికి మూడింతల దాకా రావచ్చు, గెలిస్తే లాయరు ఫీజు కూడా డీలరే భరించాలి. ఆధారం లేకుండానో, వేధించడానికో దావా వేశారని కోర్టు తేలిస్తే అవతలివారి ఫీజు మీ మీద పడుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు (తగాదాను కోర్టు బయట మధ్యవర్తి తేల్చాలనే షరతు) ఉంది గనుక ఇదంతా కోర్టులో కాక ఆర్బిట్రేటరు ముందు జరిగే అవకాశమే ఎక్కువ.

నోటీసుతో పాటే, సెక్షన్ 2.608 కింద ట్రైలర్ అంగీకారాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు, అంటే దాన్ని తిరిగి ఇచ్చేస్తున్నట్టు కూడా రాయండి. ఇది సమంజసమైన సమయంలో జరగాలి. ఉపసంహరణ పంపించి మళ్లీ సెలవులకు దాన్ని తీసుకెళితే ఆ వాదన మీ చేతులతో మీరే నీరుగార్చినట్టవుతుంది. అప్పు వాయిదాలు మాత్రం ఆపకండి. డీలరు ద్వారా ఏర్పాటైన అప్పు పత్రంలో ఫెడరల్ హోల్డర్ నియమం ప్రకారం ఒక పేరా ఉండాలి. దాని ప్రకారం డీలరు మీద ఉన్న మీ వాదనలను, మీరు ఇప్పటిదాకా కట్టిన మొత్తం మేరకు, అప్పిచ్చిన సంస్థ మీద కూడా చూపవచ్చు. నోటీసు ప్రతిని వారికీ పంపండి. మెసేజ్‌లు, కాటా చీటీ, బ్రోషరు అసలు రూపంలో దాచండి. పాత ఫోను మార్చేస్తే మెసేజ్‌లు పోయిన క్లయింట్లు నాకు కొత్త కాదు.

మీరు చివర్లో, "ఎందుకొచ్చిన గొడవ, ట్రక్కే పెద్దది తీసుకుంటే పోలేదా" అని రాశారు. వెనక నాలుగు చక్రాలున్న ఒక టన్ను తరగతి ట్రక్కు ఈ బరువును తేలిగ్గా మోస్తుంది, నిజమే. కానీ ఆ తరగతిలో సర్వసాధారణమైన 14,000 పౌండ్ల ట్రక్కు తీసుకుంటే, దానికి మీ ట్రైలర్ గరిష్ఠ బరువు 14,500 కలిపితే 28,500 అవుతుంది. ట్రైలర్ 10,000 పౌండ్లు దాటి, రెండింటి ఉమ్మడి రేటింగు 26,001కి చేరితే టెక్సస్‌లో మామూలు కార్లకిచ్చే క్లాస్ సీ లైసెన్సు చాలదు, సొంత అవసరానికైనా వాణిజ్యేతర క్లాస్ ఏ కావాలి. ఇప్పుడున్న ట్రక్కుతో స్టిక్కర్లు కూడితే 24,500 మాత్రమే. అయితే తయారీదారు ప్రకటించే ఉమ్మడి రేటింగు అంతకన్నా ఎక్కువ ఉండవచ్చు, ఏ అంకెను పరిగణిస్తారో లైసెన్సులిచ్చే టెక్సస్ ప్రజా భద్రతా శాఖ (డీపీఎస్) నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి. పెద్ద ట్రక్కు కొనేటట్టయితే, ధర తేడాను నష్టంగా నోటీసులో చేర్చాలంటే, పాత ట్రక్కును అమ్మే ముందు దాని స్టిక్కరు, ఇరుసు లేబులు, టైర్ల వివరాలు తేదీతో ఫొటోలు తీసి నాకు పంపించండి.